గాయం గంట షోగా మారేటప్పుడు ఏం తెగిపోతుంది?

2012 ఆగస్టు 3 రాత్రి లాస్ ఏంజిల్స్‌లోని లార్గో థియేటర్‌లో అమెరికన్ స్టాండప్ కమెడియన్ టిగ్ నొటారో స్టేజీ ఎక్కి, రోజూ పలకరించే గొంతుతోనే "గుడ్ ఈవెనింగ్, హలో, నాకు క్యాన్సర్ ఉంది" అన్నారు. జనం నవ్వారు. అది కూడా జోకే అనుకున్నారు. ఆమె అదే మాట మళ్లీ అన్నారు. నవ్వు కొంత తగ్గింది. ఆ తర్వాత నాలుగు నెలల్లో తన మీద పడినవన్నీ వరసగా చెబుతూ పోయారు. ముందు న్యుమోనియా, ఆ వెంటనే పేగుల్లో ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్, కిందపడి తల్లి చనిపోవడం, ప్రేమబంధం తెగిపోవడం, చివరికి రొమ్ము క్యాన్సర్. డాక్టర్లు ఆ మాట చెప్పి అప్పటికి కొద్ది రోజులే అయింది.

ఆ షోలో ఒక భాగాన్ని దగ్గరగా చూడాలి. తల్లి పోయాక ఆసుపత్రి నుంచి ఆ తల్లి పేరు మీదే ఒక ఉత్తరం వస్తుంది. 'మా దగ్గర మీకు వైద్యం ఎలా అందింది? నర్సులు మీకు అన్నీ అర్థమయ్యేలా చెప్పారా?' అని అందులో ప్రశ్నలు. నొటారో ఒక్కో ప్రశ్ననూ చదువుతూ, స్పృహలో లేని మనిషి దానికి ఏం జవాబు చెప్పగలదో వివరిస్తారు. హాలంతా నవ్వుతుంది. నవ్వు పుట్టింది తల్లి చావు నుంచి కాదు. ఒక మనిషి పోయిన సంగతి కూడా తెలియకుండా ఉత్తరాలు పంపే యంత్రం లాంటి వ్యవస్థ నుంచి. ఇంట్లో ఎవరైనా పోయాక బ్యాంకు నుంచో, బీమా కంపెనీ నుంచో ఇలాంటి మెసేజ్ అందుకున్నవాళ్లు మన ఊళ్లలోనూ లెక్కలేనంతమంది ఉన్నారు. అందుకే అది ఆమె సొంత కష్టమైనా వినేవాళ్లకు తెలిసిన కష్టమే అయింది.

మధ్యలో ఆమె ఆగి, మామూలు జోకులకు వెళ్లిపోనా అని అడిగారు. వద్దు, ఇదే చెప్పమని జనం గట్టిగా అన్నారు. ఆ రాత్రి ఆడియో తర్వాత ఆల్బమ్‌గా వచ్చి, అమెరికన్ కామెడీలో ఒక మైలురాయిగా నిలిచింది.

ఇలాంటి షోల గురించి రాసేవాళ్లు ఎక్కువగా ధైర్యాన్నే మెచ్చుకుంటారు. ధైర్యం ఉన్న మాట నిజం. కానీ ధైర్యంగా చెప్పిన ప్రతి కష్టమూ నవ్వు తెప్పించదు. ఎవరైనా స్టేజీ ఎక్కి కొన్ని నిమిషాలు మాట్లాడే ఓపెన్ మైక్‌లకు వెళ్లే అలవాటున్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఒక కుర్రాడు తన బ్రేకప్ గురించి మొదలుపెడతాడు. రెండో నిమిషానికి గొంతులో కోపం వచ్చేస్తుంది, మూడో నిమిషానికి ముందు వరసలో వాళ్లు ఇబ్బందిగా ఫోన్ల వైపు చూస్తారు. అతని బాధలో అబద్ధం లేదు, కానీ అది ఇంకా షో కాలేదు. షో కావాలంటే ముందు దాన్ని కోయాలి. ఏ ముక్క ఉంచాలి, ఏ ముక్క పారేయాలి, ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవాలి. ఈ కళ గొప్పదనమంతా ఆ కోతలోనే ఉంది. దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది.

అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో పీటర్ మెక్‌గ్రా, కాలెబ్ వారెన్ 2010లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనకు తప్పుగానో, బెదిరింపుగానో అనిపించే విషయం, అదే క్షణంలో దాని వల్ల ప్రమాదమేమీ లేదని కూడా అనిపిస్తే నవ్వు వస్తుంది అన్నది దాని సారం. బెదిరింపు ఒక్కటే ఉంటే భయం, ప్రమాదం బొత్తిగా లేకపోతే విసుగు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని దారిలోనే కమెడియన్ నడవాలి. అదే బృందం, 2012 అక్టోబరులో అమెరికా తూర్పు తీరాన్ని ముంచిన శాండీ తుపాను మీద వచ్చిన జోకులను జనం ముందు పెట్టి, కాలం గడిచేకొద్దీ అవి ఎంత నవ్వు తెప్పిస్తున్నాయో కొలిచింది. తుపాను నష్టం తెలిసిన కొత్తలో నవ్వు పడిపోయింది. సుమారు ఐదు వారాల దగ్గర బాగా పెరిగింది. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ మళ్లీ తగ్గిపోయింది. అంటే మరీ వెంటనే చెబితే నొప్పి, మరీ ఆలస్యంగా చెబితే ఎవరికీ పట్టదు.

అయితే నొటారో రోజుల వ్యవధిలోనే ఎలా చెప్పగలిగారు? దీనికి జవాబు దొరికితే ఈ కళ లోపలి పని సగం అర్థమైనట్టే. కాలం ఒక్కటే దూరాన్ని ఇవ్వదు. గొంతు నెమ్మదిగా, తొణక్కుండా ఉంచడం ఒక దూరం. తన విషాదాన్ని వదిలేసి, ఆ విషాదం చుట్టూ మనుషులు, కాగితాలు, ఆఫీసులు ఎలా ప్రవర్తించాయో చూపించడం ఇంకో దూరం. ఆ రాత్రి జనంలో ఎవరో అయ్యో అంటే ఆమే వాళ్లను ఊరడించారు. బాధితురాలు ఓదార్పు ఇస్తుంటే ప్రేక్షకుడికి నవ్వడానికి అనుమతి దొరికినట్టయింది. దశాబ్దానికి పైగా స్టేజీ మీద పనిచేసిన మనిషి కాబట్టి ఆ నేర్పు చేతిలో సిద్ధంగా ఉంది. కొత్తవాళ్లు ఆ షోను చూసి, నిన్న జరిగింది నేడు చెప్పేస్తే చాలనుకుంటే దెబ్బతింటారు.

అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ విషయంలో కాలం మరో రకంగా పనిచేసింది. 2022 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ప్రపంచం చూస్తుండగా చెంపదెబ్బ తిన్న మనిషి, దాదాపు ఏడాది ఆగి, 2023 మార్చి 4న బాల్టిమోర్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో లైవ్‌గా వచ్చిన స్పెషల్‌లో, అంటే ప్రసారం కోసం చేసే పూర్తి నిడివి షోలో, దాన్ని వివరంగా ఎత్తుకున్నారు. ఏడాది ఆగినా అందులో కోపం చల్లారలేదు. చూసినవాళ్లలో చాలామందికి నవ్వు కంటే ఆ కోపమే గుర్తుండిపోయింది. నెలలు గడిచినా గాయానికీ మనిషికీ మధ్య ఎడం రాకపోవచ్చు.

సొంత జీవితాన్ని స్టేజీ మీద పరిచే పద్ధతికి పెద్దదిక్కు అమెరికన్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్. 1940లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో పుట్టిన ప్రయర్, నాయనమ్మ నడిపిన వేశ్యాగృహంలో పెరిగారు. మొదట్లో అందరికీ నచ్చే శుభ్రమైన జోకులు చెప్పి, తర్వాత వాటిని పూర్తిగా వదిలేసి, తను చూసిన మనుషులను, తన తప్పులను మాట్లాడటం మొదలుపెట్టారు. 1979లో విడుదలైన కాన్సర్ట్ సినిమాలో ఆయన తనకు గుండెపోటు వచ్చిన సంఘటన చేసి చూపిస్తారు. గుండె ఒక రౌడీలా మాట్లాడుతుంది. 'ఊపిరి తీయకు' అని గద్దిస్తుంది. ఇన్నాళ్లూ తిన్న పంది మాంసం గుర్తురాలేదా అని నిలదీస్తుంది. ఆయన నేల మీద పడి, మెలికలు తిరుగుతూ, ఆ గుండెను బతిమాలతారు. తన శరీరంలోని ఒక అవయవానికే గొంతు ఇచ్చి, దాన్ని ఎదుటి పాత్రగా నిలబెట్టడం ఆయన కనిపెట్టిన గొప్ప ఉపాయం. అలా చేయగానే రోగం ఇద్దరి మధ్య గొడవగా మారుతుంది. గొడవను చూసి నవ్వడం మనుషులకు సులభం.

1980 జూన్ 9న కొకైన్ మత్తులో ఉన్న ప్రయర్ ఒంటికి నిప్పంటుకుంది. మంటలతోనే వీధిలో పరుగెత్తారు. ఒళ్లు సగానికి పైగా కాలింది. రెండేళ్లకు, 1982లో విడుదలైన సినిమాలో ఆ సంగతి ఎత్తారు. కొకైన్ పీల్చే గొట్టం కూడా అక్కడ ఒక పాత్రే. ఫోన్ ఎత్తొద్దు, బయటికి పోవొద్దు, నాతోనే ఉండు అంటుంది. వ్యసనం గురించి పెద్ద పెద్ద ప్రసంగాలు చెప్పలేనిది ఆ గొట్టం గొంతు చెప్పేసింది. చివర్లో ప్రయర్ అగ్గిపుల్ల వెలిగించి గాలిలో అలా పోనిచ్చి, ఇదేంటో తెలుసా, వీధిలో పరుగెత్తుతున్న రిచర్డ్ ప్రయర్ అన్నారు. ఆ జోకు ఆయన కల్పించింది కాదు. ఆయన ఆసుపత్రిలో ఉండగా జనమే ఆయన మీద వేసుకుని నవ్వుకున్న జోకు. దాన్ని తన నోటితో చెప్పి తన సొంతం చేసుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ షోలో మంట ఎలా అంటుకుందో చెప్పేటప్పుడు పాలల్లో బిస్కెట్ ముంచితే పేలిందని ఒక కట్టుకథ చెబుతారు. అది అబద్ధమని అందరికీ తెలుసు, అందుకే నవ్వు. కానీ ఆ తర్వాతి ఏళ్లలో, అది ప్రమాదం కాదని, తానే నిప్పు పెట్టుకున్నానని ప్రయర్ ఒప్పుకున్నారు. అంటే తన తరంలో అందరికంటే నిజాయితీగా మాట్లాడిన కమెడియన్ కూడా, అన్నిటికంటే నొప్పి పెట్టే ముక్కను ఆ గంటన్నరలోకి రానివ్వలేదు. దాన్ని తప్పు పట్టాల్సిన పనిలేదు. కాకపోతే "అంతా బయటపెట్టేశాడు" అని మనం మెచ్చుకునే చోట కూడా ఒక కోత ఉందని తెలుసుకోవాలి.

ఈ కోత ఎలా జరుగుతుందో బయటివాళ్లకు పెద్దగా కనిపించదు. ఏ గంట స్పెషల్ అయినా ఐదు నిమిషాల ఓపెన్ మైక్ ముక్కలతోనే మొదలవుతుంది. కమెడియన్ కొత్త బిట్‌ను పది పదిహేను మంది ఉన్న కేఫ్‌లో చెబుతాడు, ఫోన్‌లో రికార్డు చేసుకుంటాడు, ఇంటికెళ్లి విని ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ నిశ్శబ్దం వచ్చిందో చూసుకుంటాడు. జోకుకు రంగం సిద్ధం చేసే సెటప్‌లో రెండు మాటలు తగ్గిస్తాడు. నవ్వు తెప్పించే పంచ్‌లో అసలు మాటను వాక్యం చివరికి జరుపుతాడు. పంచ్ పడ్డాక దాని మీద ఇంకో చిన్న మాట అంటించి రెండో నవ్వు లాగుతాడు. పది నిమిషాల క్రితం చెప్పిన మాటను హఠాత్తుగా మళ్లీ తెచ్చి కాల్‌బ్యాక్ చేస్తాడు. ఇలా నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాదికి పైగా జరుగుతుంది. తండ్రి చావు గురించిన వాక్యాన్ని కూడా ఇలాగే వందసార్లు చెప్పి చూడాలి. ఏ రాత్రి నవ్వు పడితే ఆ రూపం మిగులుతుంది, పడకపోతే పోతుంది. తన జ్ఞాపకానికి ఎడిటర్‌గా ముక్కూమొహం తెలియని ప్రేక్షకులను కూర్చోబెట్టుకోవడం ఇది. మరే కళలోనూ ఇంత సూటిగా ఇది జరగదు. కవి తన పద్యాన్ని వంద చోట్ల చదివి, చప్పట్లు రాని పాదాన్ని ప్రతిసారీ కొట్టేస్తూ పోడు కదా.

తెలుగు నేల మీద ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించే మనిషి కొత్తేమీ కాదు. ఖాకీ బట్టలు, టోపీ, చెక్క తుపాకీతో ఊళ్లోకి వచ్చే పిట్టల దొర, అదే తుపాకి రాముడు, మైకు లేకుండా చేసింది ఈ పనే. తనకు లేని మేడలు, లేని ఎకరాలు, లేని అధికారం గురించి గుక్కతిప్పుకోకుండా కోతలు కోస్తాడు. ఎదురుగా ఉన్న మనిషి ఆకలితో ఉన్నాడని వినేవాళ్లకు తెలుసు. ఆ గొప్పలకూ, ఆ చిరుగు చొక్కాకూ మధ్య ఉన్న ఖాళీలోంచే నవ్వు వస్తుంది. ఇవాళ్టి స్టాండప్ కమెడియన్ దీన్ని తిరగేసి చేస్తాడు. లేమిని లేమిగానే, ఓటమిని ఓటమిగానే చెబుతాడు. పిట్టల దొర పేదరికాన్ని ఒక్క మాటలోనూ ప్రస్తావించకుండా మొత్తం చూపించేవాడు. అది ఎంత పెద్ద నేర్పో మన సాహిత్య చర్చల్లో తగినంతగా రాలేదు.

దేశంలో తొలితరం స్టాండప్ కమెడియన్లలో లెక్కకు వచ్చే జానీ లీవర్ కూడా తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారే. అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. ప్రకాశం జిల్లా మూలాలున్న కుటుంబం ముంబైకి వలస వెళ్లింది. డబ్బులేక ఏడో తరగతితో చదువు ఆగింది. సినిమా నటులను అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మారు. తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే తానూ కూలి పనికి చేరారు. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో పై అధికారులను అనుకరించి చూపిస్తే, కార్మికులు ఆయనకు జానీ లీవర్ అని పేరు పెట్టేశారు. ఆ పేరే నిలిచిపోయింది. రోజంతా తలవంచుకుని ఆజ్ఞలు విన్న మనిషి, సాయంత్రం ఆ ఆజ్ఞలిచ్చిన గొంతునే అనుకరించి తోటివాళ్లను నవ్వించడంలో ఫ్యాక్టరీ జీవితమంతా ఉంది. కాకపోతే ఆ తరం మిమిక్రీలో సొంత కష్టం నేరుగా మాటల్లోకి రాలేదు. ఇంకొకరి గొంతు చాటున దాగి ఉండేది.

ఆ చాటు తొలగించినవాళ్లలో మన దేశంలో ఎక్కువమందిని చేరింది జాకిర్ ఖాన్. ఇండోర్ కుర్రాడు, సారంగి వాద్యకారుడు ఉస్తాద్ మొయినుద్దీన్ ఖాన్ మనవడు. ప్రేమలో ఓడిపోయిన మామూలు కుర్రాడి గొంతుతో పేరు తెచ్చుకుని, 2022లో వచ్చిన 'తథాస్తు'లో తాతతో తన అనుబంధం, ఢిల్లీలో పడిన కష్టాలు చెప్పుకొచ్చారు. అందులో చాలాసేపు నవ్వే ఉండదు. జనం కదలకుండా వింటారు. అదే మనిషి 2025 ఆగస్టులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిందీలోనే షో చేశారు. అమెరికన్ కమెడియన్ అలీ వాంగ్ 2016 స్పెషల్‌లో ఏడు నెలల గర్భంతో నిలబడి, అంతకుముందు తనకు గర్భస్రావమైన సంగతి చెప్పారు. ఆ మాట బయటికి చెప్పాకే, తనకు తెలిసిన ఎంతోమంది ఆడవాళ్లు తమకూ అలా జరిగిందని చెప్పారట. తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టిన హరి కొండబోలు, 2023లో కరోనా కాలంలో తండ్రి కావడం గురించి ఒక స్పెషల్ చేశారు. మరో అమెరికన్ కమెడియన్ ప్యాటన్ ఆస్వాల్ట్ భార్య 2016లో నిద్రలోనే చనిపోయారు. మరుసటి ఏడాది స్పెషల్‌లో ఆయన, భార్య పోయిన రోజు కంటే ఆ విషయం ఏడేళ్ల కూతురికి చెప్పాల్సి వచ్చిన రోజే తన జీవితంలో ఘోరమైనదని అన్నారు.

ఇంత నమ్మకంతో వినే ప్రేక్షకుడికి, కమెడియన్ నిజం చెప్పాల్సిన బాధ్యత ఎంత? 2023 సెప్టెంబరులో న్యూయార్కర్ పత్రిక అమెరికన్ ముస్లిం కమెడియన్ హసన్ మిన్హాజ్ షోల మీద రాసిన కథనం ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తింది. తన ఇంటికి వచ్చిన ఉత్తరంలోంచి తెల్లని పొడి చిన్నారి కూతురి మీద పడిందని, ఆమెను ఆసుపత్రికి పరుగున తీసుకెళ్లామని ఆయన ఒక షోలో చెప్పారు. కూతురిని ఆసుపత్రికి తీసుకెళ్లిన ఘట్టం జరగలేదని తర్వాత ఒప్పుకున్నారు. చిన్నప్పుడు మసీదులోకి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ వచ్చి తనను ఇరికించిన కథ కూడా జరిగింది జరిగినట్టు కాదని తేలింది. తన కథల్లో 70 శాతం భావోద్వేగపరమైన నిజం, 30 శాతం అతిశయోక్తి, కల్పన ఉంటాయని ఆయన వాదించారు.

అతిశయోక్తి లేని హాస్యం లేదు. అత్తగారు తలుపు తీయడానికి అరగంట పట్టిందని ఎవరైనా అంటే గడియారం పట్టుకుని ఎవరూ లెక్కవేయరు. ప్రయర్ బిస్కెట్ కథ కూడా అబద్ధమే. తేడా ఎక్కడుందంటే, ప్రయర్ అబద్ధం నవ్వు కోసం చెప్పాడు, అది అబద్ధమని వినేవాళ్లకూ తెలుసు. మిన్హాజ్ కల్పన నవ్వు కోసం కాదు, ప్రేక్షకుడు నవ్వు ఆపి ఊపిరి బిగబట్టే ఘట్టం కోసం. అక్కడ జనం ఇచ్చేది నవ్వు కాదు, సానుభూతి, కోపం. వాటిని కల్పించిన సంఘటనతో తీసుకోవడం సరికాదు. పైగా ముస్లింల మీద నిఘా, విద్వేషం అమెరికాలో నిజంగా జరిగాయి. నిజంగా నష్టపోయినవాళ్ల మాటను కూడా అనుమానించే వీలు ఇలాంటి కల్పన వల్ల కలుగుతుంది. అందుకే ఇది చిన్న విషయమని కొట్టిపారేయలేం.

ఆయనదే ఇంకో షోలో, తనతో స్కూల్ డాన్స్‌కు రావాల్సిన ఒక తెల్ల అమ్మాయి ఇంటికి వెళ్తే, ఆమె తల్లి గుమ్మంలోనే తనను వెనక్కి పంపిన కథ ఉంది. తాను అంతకు కొన్ని రోజుల ముందే అతనికి రానని చెప్పేశానని, షో వచ్చాక ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో వేధింపులు పడ్డానని ఒకప్పటి ఆ అమ్మాయే పత్రికకు చెప్పారు. ఎవరి జీవితమూ ఒంటరిది కాదు. కమెడియన్ తన కథ చెబితే అందులో మాజీ ప్రేమికురాలు, అన్న, పక్కింటివాళ్లు, పాత బాస్ అందరూ వస్తారు. మైకు మాత్రం ఒక్కరి చేతిలోనే ఉంటుంది. బ్రిటిష్ కమెడియన్ రిచర్డ్ గాడ్ తనను వెంటాడిన మహిళ గురించి 2019లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే కళోత్సవంలో ఒంటరిగా చేసిన ప్రదర్శన 2024 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ అయింది. ఇది నిజంగా జరిగిన కథ అని తెర మీద వేశారు. రోజుల్లోనే జనం ఆ పాత్ర ఎవరో వెతుక్కుని, ఒక మహిళను పట్టుకున్నారు. ఆమె నెట్‌ఫ్లిక్స్ మీద 17 కోట్ల డాలర్ల దావా వేశారు. చిన్న హాల్లో వంద మంది మధ్య పేరు మార్చి చెప్పుకున్న కథకూ, కోట్ల మంది చేతుల్లో ఫోన్లున్న చోట చెప్పిన కథకూ ఒకే జాగ్రత్త సరిపోదు.

ఈ కళలోని కోత గురించి లోతుగా ఆలోచించింది కమెడియన్ హన్నా గాడ్స్‌బీ. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో, స్వలింగ సంబంధాలు 1997 వరకు నేరంగా ఉన్న చోట పెరిగిన మనిషి. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'నానెట్' మొదట్లో మామూలు స్టాండప్ లాగే సాగుతుంది. ఒక బస్టాప్ కథ వస్తుంది. గాడ్స్‌బీని మగవాడనుకుని, తన గర్ల్‌ఫ్రెండ్‌కు లైన్ వేస్తున్నాడని ఒకడు కొట్టడానికి మీదికొస్తాడు. తీరా అమ్మాయి అని తెలిశాక పొరబడ్డానని క్షమాపణ చెబుతాడు. వాడి మొద్దుతనం చూసి హాలంతా నవ్వుతుంది.

షో చివర్లో గాడ్స్‌బీ మళ్లీ ఆ కథ దగ్గరికి వెళ్లి, ఇన్నేళ్లూ చెప్పని భాగం చెబుతారు. వాడు వెళ్లిపోలేదు. ఎదురుగా ఉన్నది లెస్బియన్ అని గ్రహించి తిరిగొచ్చి చితకబాదాడు. ఎవరూ అడ్డుకోలేదు. గాడ్స్‌బీ పోలీసుల దగ్గరికీ వెళ్లలేదు, ఆసుపత్రికీ వెళ్లలేదు. తనకు జరగాల్సిందే జరిగిందని నమ్మేంత సిగ్గు అప్పటికే లోపల నాటుకుపోయింది. జోకుకు సెటప్, పంచ్ అని రెండు భాగాలు చాలు, కథకు మొదలు, మధ్య, ముగింపు మూడూ కావాలి, నవ్వు రావాలంటే పంచ్ దగ్గర ఆపాలి కాబట్టి ముగింపును కోసేశాను అన్నది గాడ్స్‌బీ మాటల సారాంశం. ఆ కోసిన రూపాన్నే రాత్రి తర్వాత రాత్రి చెబుతూ ఉంటే, జ్ఞాపకం కూడా ఆ జోకు ఆకారంలోనే గడ్డకట్టిందట.

బాధను జోకుగా చెబితే మనసు తేలికవుతుందని మనం అలవాటుగా అనే మాటకు ఇంతకంటే గట్టి సవాలు లేదు. మనస్తత్వవేత్త జేమ్స్ పెనబేకర్ 1986లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు తమ పాత గాయాల గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఆ రాతలు ఎవరి కోసమో అందంగా రాసినవి కావు. వాటికి ప్రేక్షకులు లేరు, చప్పట్లు లేవు, ముగింపును తీసేయాల్సిన పనీ లేదు. స్టేజీ మీద జరిగేది వేరే పని. అది కమెడియన్‌కు ఊరట ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. వినేవాళ్లలో ఒకరికి మాత్రం తను ఒంటరి కాదన్న నమ్మకం కలగవచ్చు. అది చిన్న సంగతి కాదు. కానీ దాన్ని చికిత్సగా పొగడటం వల్ల, చికిత్స అవసరమైన కమెడియన్‌ను మళ్లీ మైకు ముందుకే తోస్తున్నామేమో ఆలోచించాలి.

బ్రిటన్‌లో ఇలాంటి షోలు ఎక్కువగా పుట్టడానికి ఎడిన్‌బరో ఫ్రింజ్ పద్ధతి ఒక కారణం. అక్కడ ఆగస్టు నెలంతా ఒక్కొక్కరికి రోజూ దాదాపు గంట సమయం దొరుకుతుంది. గంటసేపు వరసగా పంచ్‌లే వేస్తే జనం అలసిపోతారు. అందుకే 40వ నిమిషం దగ్గర షో మలుపు తిరిగి, హాలు నిశ్శబ్దమై, ఒక చావో ఒక రోగమో బయటికొచ్చే పద్ధతి స్థిరపడింది. "చనిపోయిన నాన్న షో" అని అక్కడివాళ్లే దానికి పేరు పెట్టుకున్నారు. మంచి పద్ధతి కూడా అలవాటైపోతే అచ్చులో పోసినట్టు తయారవుతుందనడానికి ఆ పేరే సాక్ష్యం.

తెలుగు స్టాండప్ ఇంకా ఆ దశకు రాలేదు. ఇంజినీరింగ్ హాస్టల్, పెళ్లి సంబంధాలు, అమెరికా వీసా టెన్షన్, అమ్మ వాట్సాప్ మెసేజ్‌లు, హైదరాబాద్ ట్రాఫిక్ అన్నీ స్టేజీ మీదికి వచ్చేశాయి, బాగానే పండుతున్నాయి. అప్పులపాలైన పంట, నాన్న తాగుడు, ర్యాంకు రాని పిల్లాడి భయం, విడాకులు, డిప్రెషన్ లాంటివి మాత్రం అరుదు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న పెంపకం దీనికి ఒక కారణం. పేరు చెప్పకపోయినా, ఊరు చెప్పకపోయినా, రెండో రోజుకల్లా మేనమామకు వీడియో చేరిపోతుంది. అమెరికా కమెడియన్ తల్లి గురించి మాట్లాడితే ఒక్క తల్లి బాధపడుతుంది. ఇక్కడ చెల్లెలి సంబంధం దాకా వెళ్తుంది. మన కమెడియన్లకు ధైర్యం లేదని తేలిగ్గా తీర్పు చెప్పేవాళ్లు ఈ లెక్కను చూడటం లేదు.

ఇంకో కారణం డబ్బు. టికెట్లు అమ్ముడుపోవాలంటే రీల్స్ కావాలి. నెలల తరబడి చెక్కిన బిట్‌ను రీల్‌గా పెట్టేస్తే, షోకు వచ్చినవాళ్లకు అది పాతదైపోతుంది. అందుకే చాలామంది ముందు వరసలో కూర్చున్నవాళ్లతో అప్పటికప్పుడు మాట్లాడే క్రౌడ్ వర్క్ క్లిప్పులే పెడతారు. వాటిని చూసి వచ్చిన ప్రేక్షకుడు హాల్లోనూ అదే ఆశిస్తాడు. 40 నిమిషాలు నవ్వించి, నమ్మకం సంపాదించి, అప్పుడు ఒక కష్టం దగ్గరికి తీసుకెళ్లే షో, నిమిషం క్లిప్‌లో కనిపించదు. అలాంటి షోకు ముందు పూర్తి గంట ఇచ్చే చిన్న హాళ్లు కావాలి. రికార్డింగ్ ఆపి, ఫోన్లు సంచుల్లో పెట్టించి, కొత్త బిట్లను తెలుగులో పరీక్షించుకునే సాయంత్రాలు కావాలి. హైదరాబాద్‌లో నడుస్తున్న ఓపెన్ మైక్‌లలో ఇంగ్లిష్, హిందీ, తెలుగు కలగలిసి వస్తాయి. విజయవాడ, వరంగల్, విశాఖ, తిరుపతిలో నెలకు ఒక్కటైనా పూర్తి తెలుగు మైక్ క్రమం తప్పకుండా నడిస్తే, రైతు ఇంటి నుంచో, బీడీలు చుట్టే ఇంటి నుంచో వచ్చిన పిల్లలు ఆ ఐదు నిమిషాలు తీసుకోవడానికి హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిన పని ఉండదు.